ఒకే వీధికి ఐదు మ్యాపులు, ఏదీ దేనిమీదా కూర్చోవట్లేదు, కాస్త దారి చూపండి

బరంపురం_బుల్లోడు · శనివారం రాత్రి 9:40

అందరికీ నమస్తే. చాలా కాలంగా ఇక్కడ చదువుతున్నానే గానీ రాయడం ఇదే మొదలు, తప్పులుంటే తిట్టకండి. ఉండేది ఒడిశా బరంపురం, ఒక చిన్న సర్వే ఏజెన్సీలో జీఐఎస్ పని, అంటే కంప్యూటర్లో మ్యాపులు కట్టడం. ఇప్పుడు రెండు చిన్న మున్సిపాలిటీల పని నెత్తిన పడింది, పేర్లు అడక్కండి, గజపతి రాయగడ వైపు అనుకోండి చాలు. పని ఏటంటే ఊళ్ళో ఉన్న డేటా మొత్తం ఒక్క మ్యాపు మీదకి తేవాలి. ప్లాట్లు తహసీల్ నుంచి, హోల్డింగ్ ట్యాక్స్ (ఇంటి పన్ను) ఎక్సెల్ షీటు మున్సిపాలిటీ నుంచి, స్తంభాలూ మీటర్లూ కరెంటోళ్ళ దగ్గర్నుంచి, నీళ్ళ పైపులు ఒక పాత ఆటోక్యాడ్ బొమ్మలోంచి, కాలవలకేమో మేమే ఎగరేసిన డ్రోన్ ఫోటో. వానొస్తే ఏ ఇంటి ముందు నీళ్ళు నిలుస్తున్నాయి, ఆ కాలవ ఎక్కడ పూడింది, ఆ ఇంటికి ఏ పైపు పోతోంది, అన్నీ ఒక్క క్లిక్కుతో కనపడాలని పై ఆఫీసరు కోరిక.

కోరిక బానే ఉంది గానీ నిన్న రాత్రి అన్నీ మ్యాపుల సాఫ్ట్‌వేర్ క్యూజీఐఎస్‌లో వేస్తే పైపులైన్లు బంగాళాఖాతంలో పడ్డాయి. ఒడ్డున కూడా కాదండీ, నడి సముద్రంలో. ప్లాట్లు ఊళ్ళోనే ఉన్నాయి గానీ ప్రతీదీ పక్కోడి ఇంట్లోకి తొంగి చూస్తోంది. ట్యాక్స్ షీటుకి అసలు మ్యాపే లేదు, పేరూ వీధీ అంతే. ఎక్కడ్నుంచి మొదలెట్టాలి?

గుణుపురం_గీత · శనివారం రాత్రి 10:15

తమ్ముడూ, ముందు ఆ పైపుల బొమ్మ ఎవరు గీసారో కనుక్కో. ఆటోక్యాడ్ ఫైల్లో ఉత్త అంకెలే ఉంటాయి, అవి ఏ జోన్‌వో చాలాసార్లు ఎక్కడా రాసి ఉండదు. యూటీఎం అని భూమిని 6 డిగ్రీల నిలువు పట్టీలుగా, అంటే జోన్లుగా, కోసే లెక్క ఒకటుంది, అందులో 44వ జోన్ 78 నుంచి 84 డిగ్రీల తూర్పు దాకా, అక్కడ్నుంచి 90 దాకా 45. ఆ 84 గీత సరిగ్గా మన మధ్యలోంచే పోతుంది. కాశీనగర్, మా గుణుపురం 44లో ఉన్నాయి, పర్లాకిమిడి 45, బరంపురం ఇచ్ఛాపురం 45, మళ్ళీ శ్రీకాకుళం 44. పర్లాకిమిడిలో బస్సెక్కి కాశీనగర్లో దిగేలోపు జోన్ మారిపోద్ది, ఆ సంగతి కండక్టరుకీ తెలీదు మనకీ తెలీదు.

ఒక జోన్ అంకెల్ని ఇంకో జోన్ అనుకుని తెరిస్తే ఊరు ఉత్తర దక్షిణాలు కదలదు గానీ తూర్పుకో పడమరకో సరిగ్గా 6 డిగ్రీలు జరుగుతుంది, మన దగ్గర అది దాదాపు 630 కిలోమీటర్లు. అందుకే నీ పైపులకి సముద్ర స్నానం. గుర్తు ఏటంటే ఈ చుట్టుపక్కల ఊరికి ఎక్స్ అంకె 8 లక్షల దగ్గర ఉంటే 44, 2 లక్షల దగ్గర ఉంటే 45. ఫైలుకి ఈపీఎస్‌జీ 32644, అంటే 44వ జోన్ కోడు, అని చెప్పి, తర్వాత మార్చుకో. చెప్పడం వేరు మార్చడం వేరు, ఆ రెండు బటన్లూ కలిపేసి చాలామంది కొంప ముంచుకుంటారు.

ఇచ్ఛాపురం_అల్లుడు · శనివారం రాత్రి 10:31

అక్కా చిన్న డౌటు. అదే తిరగేసి బరంపురం అంకెల్ని 44లో తెరిస్తే ఊరు ఎక్కడ పడుద్ది? మా అత్తారిల్లు అక్కడే, కాస్త దూరంగా పడితే సంతోషిస్తా 😄

గుణుపురం_గీత · శనివారం రాత్రి 10:38

ఆదిలాబాద్ వైపు ఉట్నూరు పక్కన పడుద్ది. అత్తారికి ఆ సంగతి నేను చెప్పనులే.

సిరోంచ_సాంబ · శనివారం రాత్రి 10:50

రానియ్యిండ్రి రానియ్యిండ్రి, మాకు జెర దగ్గరైతది. మాది గడ్చిరోలి జిల్లా సిరోంచ, గోదావరి దాటితె తెలంగాణ. మాకు జోన్ లొల్లి లేదు, రెండు దిక్కులా 44నే. గని కాయితాల లొల్లి ఉన్నది. ఇటు సాత్‌బారా పహాణి, గట్ నంబర్, హెక్టార్ ఆర్ లెక్క. అటు సర్వే నంబర్, ఎకరం గుంట. ఒక్కడే పట్టేదార్‌కు రెండు ఒడ్లకు భూములుంటె రెండు లెక్కలు, రెండు లిపులు.

జయపురం_జోగి · ఆదివారం ఉదయం 7:05

నాకు తెలీక అడుగుతాను, ఇంత గొడవెందుకు? గూగుల్ మ్యాపులో ఇంటింటికీ ఒక పిన్ను పెట్టి ఎక్సెల్ షీటు లింకు చేస్తే సరిపోదా. ఈ జీఐఎస్ వాళ్ళు చిన్న పనిని పెద్దది చేసి బిల్లు వేస్తారని నా అనుమానం.

బరంపురం_బుల్లోడు · ఆదివారం ఉదయం 8:20

గీతక్కా కాళ్ళకి దండం. 32644 అని చెప్పగానే పైపులు ఠక్కున వచ్చి రోడ్ల మీద వాలాయి. ఇంకో ఊరు 45లో ఉంది కాబట్టి రెండూ 45లోనే పెట్టేద్దామా?

జోగి గారూ పిన్ను పెట్టొచ్చండి, కానీ పిన్నుకి గోడలుండవు. కాలవ ఎవరి ప్లాటులోంచి పోతుందో పిన్ను చెప్పదు. పైగా సందు రెండు మీటర్లు, ఫోన్ జీపీఎస్ తప్పు మూడు నుంచి ఐదు మీటర్లు, ఎదురింటి పిన్ను ఈ ఇంట్లో పడుద్ది. బిల్లు సంగతి మా ఓనర్ని అడగాలి, నా జీతం మాత్రం చిన్నదే.

గుణుపురం_గీత · ఆదివారం ఉదయం 8:44

దాచుకునేది అక్షాంశ రేఖాంశాల్లో దాచుకో, అంటే 4326 కోడు. కొలిచేటప్పుడు మాత్రం జోన్‌లోకి మార్చి కొలువు. గీతకి కాస్త పడమరగా ఉన్న ఊరిని 45లో కొలిచినా కొంప మునగదు, జోన్ అంచుల్లో కిలోమీటరుకి సుమారు ఒక మీటరు ఎక్కువ చూపిస్తుంది అంతే. పైపు అంచనాకి పర్లేదు, భూమి తగాదాకి మాత్రం పనికిరాదు.

పాత_గొలుసు · ఆదివారం మధ్యాహ్నం 12:10

బాబూ, నేను భూములు కొలిచే ఆమీన్‌గా చేసి రిటైరైన వాణ్ణి, పర్లాకిమిడి. మనవరాలు టైపు చేసి పెడుతోంది, అది మధ్యలో నవ్వుతోంది కూడాను. ప్లాట్లు పక్కింట్లోకి జరిగాయన్నావు కదా, అక్కడ తప్పు నీ కంప్యూటర్ది కాదు, కాయితానిది.

ఆ మౌజా (రెవెన్యూ గ్రామం) షీట్లు మైలుకి 16 అంగుళాల లెక్కన గీసినవి, అంటే 1:3960. షీటు మీద అర మిల్లీమీటరు పెన్సిల్ గీత నేల మీద రెండు మీటర్ల మందం. నువ్వు రెండు మీటర్ల సందు గురించి మాట్లాడుతున్నావు, ఆ సందు మొత్తం మా గీతలోనే దాక్కుంటుంది. పైగా ఆ కాయితం ఎన్ని వానాకాలాలు తిన్నదో, చెమ్మకి సాగి ఎండకి కుంచించుకుని, నిలువుకి ఒకలా అడ్డానికి ఒకలా. దాన్ని స్కాన్ చేసి నాలుగు మూలలు పట్టుకుని లాగితే కుదరదు. నేల మీద కదలని వాటిని పట్టుకోవాలి. మూడు మౌజాలు కలిసే చోట రాయి, పాత గుడి మూల, రాతి బావి, చెరువు తూము. కొత్త కాంపౌండు గోడని మాత్రం నమ్మకు, అది రాత్రికి రాత్రి ఒక అడుగు నడుస్తుంది.

షీట్లన్నీ ఒక జాతివీ కాదు. 1936 ఏప్రిల్ 1న ఒడిశా రాష్ట్రం వచ్చేదాకా గంజాం కొరాపుట్ మద్రాసు కింద ఉండేవి. పర్లాకిమిడి ఊరు ఇటొచ్చింది, జమీందారీ పల్లెలు చాలా అటే ఉండిపోయాయి. ఆనక ఒడిశా సర్వే సెటిల్‌మెంట్ చట్టం 1958లో వచ్చింది. కాబట్టి ఎవరైనా పాత నంబరు చెబితే అది ఏ సెటిల్‌మెంట్ (భూ రికార్డుల సర్వే) నంబరో ముందు అడుగు. లెక్కల్లో ఒక్కటి మాత్రం సుఖం, మన సెంటే ఇక్కడ డెసిమల్, రెండూ ఎకరంలో నూరో వంతే, 435.6 చదరపు అడుగులు. 66 అడుగుల గొలుసు, 10 చదరపు గొలుసులు ఒక ఎకరం, అది ఏ ప్రభుత్వం వచ్చినా మారలేదు.

బరంపురం_బుల్లోడు · ఆదివారం మధ్యాహ్నం 1:30

మాస్టారూ ఇది బంగారం. నాలుగు మూలలు పట్టుకుని లాగింది నేనే. డ్రోన్ ఫోటోలో కప్పులు చూసి, ప్లాట్లని వాటికి అతికేలా రబ్బరులా సాగదీసేద్దామనుకున్నాను కూడా.

పాత_గొలుసు · ఆదివారం మధ్యాహ్నం 1:52

ఆ పని మాత్రం చెయ్యొద్దు. నువ్వు గీత జరిపితే రేపు ఒకడు ఆ మ్యాపు ప్రింటు తీసుకుని కోర్టుకెళ్తాడు. అసలు షీటు అలాగే ఉంచు, నీ సర్దుబాటు వేరే లేయరు, దాని మీద ఎంత తప్పుందో మీటర్లలో రాసిపెట్టు. రాష్ట్ర ప్రభుత్వ ఉపగ్రహ మ్యాపుల సంస్థ ఓర్సాక్ వాళ్ళ ఒడిశా ఫోర్‌కే జియో పోర్టల్లో కడస్ట్రల్ (ప్లాటు హద్దుల) లేయరు కనిపిస్తుంది, నీదానికి దానికి పోల్చి చూసుకో.

ఇచ్ఛాపురం_అల్లుడు · ఆదివారం సాయంత్రం 5:15

నాదొకటి. పాత టోపోషీటు వేస్తే ఊరు మొత్తం కొంచెం పక్కకి జరిగింది, 630 కిలోమీటర్లు కాదు గానీ రెండు వీధుల దూరం. అది కూడా జోనేనా? సరిహద్దు పల్లెలు కొన్ని రెండు రాష్ట్రాల మ్యాపుల్లోనూ ఉన్నాయి, ఆంధ్రా ఒడిశా రెండూ మాదంటున్న ఆ కొఠియా పల్లెల వైపు చూడండి అసలు ఎవడిది...

నిర్వాహకుడు · ఆదివారం సాయంత్రం 5:22

కొఠియా సంగతి ఇక్కడొద్దు, దయచేసి. ఆ పల్లెల గొడవ కోర్టులో ఉంది, ఈ చర్చలో పైపులే మాట్లాడుకుందాం.

గుణుపురం_గీత · ఆదివారం సాయంత్రం 5:40

అది జోన్ కాదు అల్లుడుగారూ, డేటమ్, అంటే భూమి ఆకారానికి ఏ గోళం లెక్క పట్టుకున్నారన్నది. పాత టోపోషీట్లు ఎవరెస్ట్ గోళం లెక్కన పాలీకోనిక్ అనే పద్ధతిలో వేసినవి, జీపీఎస్‌ది డబ్ల్యూజీఎస్ 84. రెండు గోళాల మధ్య తేడా మన దగ్గర వంద మీటర్ల పైనే వస్తుంది. 2005 మ్యాప్ పాలసీ తర్వాత సర్వే ఆఫ్ ఇండియా వేసిన ఓపెన్ సిరీస్ షీట్లు డబ్ల్యూజీఎస్ 84, యూటీఎంలోనే ఉంటాయి, దొరికితే అవి వాడండి. 2021 ఫిబ్రవరి మార్గదర్శకాలొచ్చాక మ్యాపింగ్‌కి ముందస్తు అనుమతుల గోల కూడా చాలావరకు పోయింది.

బరంపురం_బుల్లోడు · మంగళవారం రాత్రి 11:05

ప్లాట్లు ఓ మోస్తరుగా కూర్చున్నాయి, గుడి మూల, రెండు బావులు, ఒక మౌజా రాయి పట్టుకున్నాను. ఇప్పుడు అసలు నరకం మొదలైంది. పేర్లు.

ట్యాక్స్ షీటు ఒడియాలో ఉంది, అది కూడా యూనికోడ్ కాని పాత ఫాంటులో, తెరిస్తే పిచ్చి గుర్తులు. మన అను ఫాంట్ ఫైలు వేరే కంప్యూటర్లో తెరిస్తే ఎలా ఉంటదో అలాగ. దాన్ని మార్చుకుని పాత మ్యాపు ఫైలు రకం షేప్‌ఫైల్లో పెడితే కాలమ్ పేర్లు పది అక్షరాలకి కత్తిరించేసింది, హోల్డింగ్ నంబరూ హోల్డింగ్ ఓనరూ రెండూ దాదాపు ఒకటే పేరైపోయాయి. సరే, ఆ గొడవ లేని జియోప్యాకేజీ ఫైల్లోకి మారాను. ఆ తర్వాత చూస్తే మన వెంకట్రావు ట్యాక్స్‌లో బెంకట రాఓ, కరెంటు బిల్లులో ఇంగ్లీషులో కె.వి.రావు, పట్టాలో వాళ్ళ తాత పేరు. ముగ్గురూ ఒక్కడే అని కంప్యూటర్‌కి ఎలా చెప్పాలి?

సిరోంచ_సాంబ · మంగళవారం రాత్రి 11:30

అన్నా గిది మస్తు తెలుసు నాకు. మా దగ్గర తెలుగు పేర్లు దేవనాగరిల రాస్తరు, ఎ ఏ తేడా పోతది, ఒ ఓ తేడా పోతది. మీ దిక్కు ఒడియాల గూడ గంతే కదా, పైకెల్లి వ అంత బ అయితది. నేనైతే పోల్చే ముందుగాల అన్ని పేర్లను ఒక్క మూసల పోస్త. వ బ ఒకటే, దీర్ఘాలు తీసెయ్యి, ఒత్తులు తీసెయ్యి, ఇంటిపేరు ముందున్నా ఎనకున్నా ముక్కలు చేసి అక్షర క్రమంల పెట్టు. గప్పుడు పోలిక ఎంత దగ్గరుందో మార్కులు వెయ్యి. గని ఒక్క పేరుతోటి ఎన్నడు కలపకు, పేరు ప్లస్ వీధి ప్లస్ దగ్గర్ల ఉన్న స్తంభం, మూడు కలిస్తెనే.

బరంపురం_బుల్లోడు · మంగళవారం రాత్రి 11:41

వీధి పేర్లూ అంతే సాంబన్నా. మనం వీధి అంటాం, వాళ్ళు సాహి అంటారు, కరెంటోళ్ళేమో స్ట్రీట్ అని రాస్తారు. ఊరి పేరే చూడండి, నేను బరంపురం, రైలు బోర్డు మీద బ్రహ్మపుర్, పాత కాయితాల్లో బెర్హంపూర్.

గుణుపురం_గీత · బుధవారం ఉదయం 6:50

జనం కలిసి గీసే మ్యాపు, ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ వాళ్ళ పద్ధతి ఎత్తుకో. ఒకే వీధికి తెలుగు పేరు, ఒడియా పేరు, ఇంగ్లీషు పేరు, పాత పేరు, అన్నీ వేరు వేరు గడుల్లో ఉంటాయి. ఏది అసలు పేరు అని కొట్టుకోనక్కర్లేదు. పేరు ఎన్ని రకాలుగా ఉన్నా వీధి నంబరు ఒకటే.

జయపురం_జోగి · బుధవారం ఉదయం 9:15

ఇన్ని పేర్లతో కుస్తీ పట్టే బదులు ప్లాటు నంబరుతో కలిపేస్తే పోయె కదా. భూ ఆధార్ అని అంకెలూ అక్షరాలూ కలిపి 14 గుర్తుల నంబరు ప్రతి ప్లాటుకీ ఇస్తున్నారు, అదే తాళంచెవి. పైగా 2025 ఫిబ్రవరిలో నక్షా అని పట్నాల సర్వే మొదలైంది, 152 ఊళ్ళు, 194 కోట్లు, విమానంలోంచి ఫోటోలు. మీ ఊరి వంతు వచ్చేదాకా చేతులు కట్టుకుని కూర్చోండి.

బరంపురం_బుల్లోడు · బుధవారం రాత్రి 10:20

జోగి గారి మాట విని ప్లాటు నంబరుతోనే కలుపుదామని మధ్యాహ్నం నేతపనివాళ్ళ వీధికి పోయాను. పొడుగాటి ఇళ్ళు, ముందు అరుగు, మధ్యలో మగ్గం, వెనక బావి, పక్క పక్క ఇళ్ళకి ఉమ్మడి గోడ. డ్రోన్ ఫోటోలో నాలుగిళ్ళకీ కలిపి ఒకటే కప్పు. కింద ప్లాటు ఒకటే, తాత పేరు మీద. అన్నదమ్ములు నలుగురు, పొయ్యిలు నాలుగు, మీటర్లు మూడు ఎందుకంటే చిన్నాయన పెద్దాయన మీటరే వాడుతున్నాడు, హోల్డింగులు రెండు, నీళ్ళ కనెక్షన్ ఒకటి. ఇప్పుడు దేన్ని దేనితో కలపను? ఏ నంబరు పెట్టినా మిగతా ముగ్గురు మాయమైపోతున్నారు. ఒక పెద్దావిడ మజ్జిగిచ్చి, మమ్మల్ని విడగొట్టడానికొచ్చావా బాబూ అని అడిగింది. నవ్వుతూనే అడిగింది గానీ.

పాత_గొలుసు · గురువారం ఉదయం 5:30

ప్లాటే పునాది. చట్టం ముందు ఇల్లు లేదు, ప్లాటే ఉంది.

గుణుపురం_గీత · గురువారం ఉదయం 7:10

మాస్టారూ మీమీద గౌరవంతోనే కాదంటున్నాను. నేను నీళ్ళ పనిలో పదేళ్ళనుంచి ఉన్నాను, పైపు పగిలితే నాకు ఫోన్ చేసేది ప్లాటు కాదు, ఇంట్లో మనిషి. తాత పేరు మీదున్న ప్లాటుకి వెళ్ళి నేనెవరి తలుపు కొట్టను?

బుల్లోడూ, దేన్నీ దేనిలోకీ ఇరికించకు. ప్లాటుకి ఒక పట్టిక, కప్పుకి ఒకటి, తలుపుకి ఒకటి, మీటరుకి ఒకటి, హోల్డింగ్‌కి ఒకటి. ఎవరి నంబరు వాళ్ళదే, ఎవరిదీ మార్చొద్దు. వాటి మధ్య చుట్టరికాలకి ఇంకో పట్టిక పెట్టు, పెళ్ళి పుస్తకంలాగ. ఫలానా తలుపు ఫలానా మీటరు వాడుతోంది, ఎప్పట్నుంచి ఎప్పటిదాకా, ఆ సంగతి ఎలా తెలిసింది. ఆ చివరి గడి మర్చిపోవద్దు. నడిచి చూసామా, పేర్లు పోల్చి ఊహించామా, ఎవరైనా చెప్పారా. ఆర్నెల్ల తర్వాత తప్పు బయటపడితే ఎక్కడ వెతకాలో ఆ గడే చెబుతుంది.

పాత_గొలుసు · గురువారం ఉదయం 7:45

చుట్టరికాల పట్టిక. బాగుందమ్మా. మేము ఖతియాన్ (హక్కుల రికార్డు) అంచులో పెన్సిల్తో రాసుకునేవాళ్ళం అలాగ, ఫలానా వాడి స్వాధీనంలో ఉంది అని. ఆ పెన్సిల్ రాతలకి మీరు ఒక గది కట్టారన్నమాట.

ఇచ్ఛాపురం_అల్లుడు · గురువారం ఉదయం 10:00

మధ్యలో నా గోల ఒకటి. మా తీరం వైపు జీపీఎస్ పెట్టి కాలవ ఎత్తులు తీస్తే సముద్రం ఒడ్డు సముద్రం కింద పదుల మీటర్ల లోతున చూపిస్తోంది. మేము చేపలమా?

గుణుపురం_గీత · గురువారం ఉదయం 10:25

జీపీఎస్ ఎత్తు చూసేది లెక్కలోని గోళం నుంచి, నీళ్ళు పారేది జియాయిడ్ చూసుకుని, అంటే సుమారు సముద్ర మట్టం. ఇండియాలో ఆ జియాయిడ్ గోళం కన్నా పదుల మీటర్లు కిందకి ఉంటుంది, అందుకే మైనస్. జియాయిడ్ మోడల్ వేసి సరిచేసుకోవాలి. బుల్లోడూ నువ్వూ చూస్కో, డ్రోన్ ఎత్తులు గోళం నుంచి, పాత కాలవ డ్రాయింగులు సముద్ర మట్టం నుంచి ఉంటే రెండూ కలిపిన రోజు నీళ్ళు కొండెక్కుతాయి.

సిరోంచ_సాంబ · గురువారం రాత్రి 9:10

ఇంకొక ముచ్చట. నువ్వు తలుపు తలుపుకు ఫోటో, పేరు, ఫోన్ నంబర్ తీస్తున్నవ్ గద, గది అంత ఒక్క ఫైల్ల పెట్టి వాట్సాప్ గ్రూప్ల తిప్పకు. మా దిక్కు ఒకాయన గట్లనే చేసిండు, తెల్లారి లోన్ యాప్లోళ్ళు ఫోన్లు షురూ చేసిన్రు. మ్యాపు వేరే, మనుషుల వివరాలు వేరే, నడుమ నంబర్ ఒక్కటే ఉండాలె.

జయపురం_జోగి · గురువారం రాత్రి 9:40

ఇది మాత్రం ఒప్పుకుంటాను. బిల్లు మాట కూడా వెనక్కి తీసుకుంటున్నాను, సగం.

బరంపురం_బుల్లోడు · మూడు వారాల తర్వాత, శుక్రవారం రాత్రి 11:50

బతికే ఉన్నాను. మ్యాపుల డేటాబేస్ పోస్ట్‌జీఐఎస్‌లో పట్టికలు కట్టాను, చుట్టరికాల పట్టిక పెట్టాను. సాంబన్న చెప్పిన మూసలో పోస్తే పేర్లు చాలావరకు కలిసాయి, కలవనివి మాత్రం కాళ్ళరిగేలా తిరిగి కలిపాను. మన గంజాం పురి వైపు జగా మిషన్‌లో మురికివాడలకి చేసినట్టు మ్యాపు ప్రింటు తీసి వీధిలో పరిచాను, మురికివాడల వాళ్ళకి భూహక్కులిచ్చే 2017 చట్టం కింద వాళ్ళు డ్రోన్ ఫోటో తీసి జనం చేతే సరిచూపించేవాళ్ళు కదా. జనం వంగి చూసి వాళ్ళ అరుగు వాళ్ళే పట్టుకున్నారు. మజ్జిగిచ్చిన పెద్దావిడ నా తప్పులు రెండు దిద్దింది.

ఇప్పుడు ఇంకో చిక్కు. నీళ్ళు నిలిచే చోటు దొరికింది. కాలవలన్నీ ఎత్తుల ప్రకారం ఒకే వైపుకి దిగుతున్నాయి, అక్కడ చివర ఏమీ లేదు, ఇళ్ళే ఉన్నాయి. ఆ ఇళ్ళకి హోల్డింగ్ ఉంది, మీటర్లున్నాయి, నీళ్ళ కనెక్షన్లున్నాయి, మూడు లేయర్లూ ఇళ్ళనే చెబుతున్నాయి. మాస్టారి పాత షీటు ఒక్కటే అక్కడ జలాశయం అంటోంది. ఒక్కో లేయరు విడిగా చూసినన్నాళ్ళూ ఎవరికీ కనపడలేదు. రేపు ఆఫీసరుకి చూపించాలి. ఆ ప్లాటుకి మ్యాపులో ఏ రంగు వెయ్యను, నీలమా, ఇళ్ళ రంగా?

గుణుపురం_గీత · శనివారం ఉదయం 6:15

రెండూ. కింద నీలం, పైన ఇళ్ళ గీతలు. తీర్పు నువ్వు చెప్పకు. ఏ లేయరు ఏ సంవత్సరానిదో మూలలో పెద్దక్షరాల్లో రాయి, నీ పేరు చిన్నగా రాసుకో.

ఇచ్ఛాపురం_అల్లుడు · శనివారం ఉదయం 6:40

నీ పేరు అసలు రాసుకోకు.

పాత_గొలుసు · శనివారం ఉదయం 7:00

ఏ ఊరో నువ్వు చెప్పలేదు గానీ, నేతపనివాళ్ళ వీధికి దక్షిణంగా పల్లం అంటే నాకు తెలిసిందే అనుకుంటున్నాను. చిన్నప్పుడు అక్కడ బంద (చిన్న చెరువు) ఉండేది, గేదెల్ని కడిగేవాళ్ళం. గట్టు మీద మర్రి ఒకటి, దానికి రాతి దిమ్మ. షీటు ఆ వైపు నీకు ఇంకా సరిగ్గా కూర్చోలేదని నా అనుమానం, పట్టుకోడానికి ఏమీ లేక. ఆదివారం పొద్దున్నే వస్తాను, ముప్పై మీటర్ల టేపు పట్టుకురా. చెట్టు పోయినా దిమ్మ ఎవడి పెరట్లోనో ఉంటుంది.

బరంపురం_బుల్లోడు · శనివారం ఉదయం 7:08

ఆ దిమ్మ మీద బట్టలు ఉతుకుతున్నారు మాస్టారూ, నిన్ననే ఫోటో తీసాను. రండి, బస్టాండులో ఉంటాను.